సాఫ్టువేరబ్బోడి సంగటి

కుందుర్పి నుంచి బెంగళూరు పోయే బస్సులో రెండు రకాలవాళ్ళు ఉంటారు. సంచిలో దుప్పటి, సద్దిమూట పెట్టుకొని బేల్దారి పనికి పోయేవాళ్ళు ఒక రకం. వీపుకు నల్లసంచి తగిలించుకొని కంప్యూటరు పనికి పోయేవాళ్ళు ఇంకో రకం. ఇద్దరినీ ఆ బస్సెక్కించింది ఒకటే, రాని వాన. మొదటి రకం గురించి కథలూ కవితలూ చాలానే వచ్చినాయి. రెండో రకాన్ని ఎవరూ పట్టించుకోలేదు. వాడికి కష్టాలు ఉండవని ఊరంతటికీ గట్టి నమ్మకం.

పండక్కి ఊరికొచ్చినా వాడి ఉద్యోగం వాడి వెంటే వస్తుంది. ఇంట్లో సిగ్నల్ అందదు కాబట్టి మిద్దె మీద నులకమంచం, మంచం మీద ల్యాప్‌టాప్, దాని మీద గొడుగు. గొడుగు వాడికి కాదు, ల్యాప్‌టాప్‌కు. కింద వీధిలో పోయే మామ ఎవరైనా తలెత్తి "ఏం చేస్తాండావప్పా?" అంటే "బిల్డ్ అవుతాంది మామా" అంటాడు. ఇల్లు కడుతున్నాడేమో అనుకొని మామ సంతోషపడి పోతాడు. నిజానికి ఆ మాటకు అర్థం, యంత్రం పని చేస్తోంది, నేను ఖాళీగా ఉన్నాను అని.

సోంబేరి అంటే ఊర్లో తిట్టు. వాడికి అది బిరుదు. "తాతా, మాలో సోంబేరి ఎంత గట్టివాడైతే అంత మంచి పనోడు" అంటాడు. తాత చుట్ట తీసి పక్కన పెట్టి, "అట్లయితే మన రచ్చకట్ట మీద కూర్చునేటోళ్ళంతా ఇంజినీర్లేరా" అని ఊరుకుంటాడు.

తాతకు నవ్వులాటగా ఉంది గానీ, అబ్బోడి దగ్గర ఆధారాలున్నాయి. 1987లో పెర్ల్ అనే కంప్యూటరు భాషను తయారుచేసిన లారీ వాల్ అనే అమెరికా ఆయన, ప్రోగ్రామరుకు ఉండవలసిన సుగుణాలు మూడు అని రాసిపెట్టినాడు: సోమరితనం, అసహనం, పొగరు. మన పెద్దలు ఏవి వదులుకోమని చెప్పినారో సరిగ్గా అవే. అందులో సోమరితనం మొదటిది. చేసిన పనే మళ్ళీ చెయ్యడానికి ఒళ్ళు వంగనివాడు ఆ పని యంత్రానికి నేర్పుతాడని ఆయన లెక్క. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటరు ల్యాబు వాళ్ళయితే ఇంకా ఘనులు. కాఫీ జగ్గు ఉండేది వేరే గదిలో. లేచి పోయి చూస్తే ఒక్కోసారి అది ఖాళీ. ఆ నాలుగడుగుల నడక దండగైపోతోందని 1991లో జగ్గు ముందర ఒక కెమెరా పెట్టి, బొమ్మ తమ కంప్యూటర్లలో కనబడేట్టు చేసుకున్నారు. 1993లో దాన్ని ఇంటర్నెట్టుకు కలిపితే లోకమంతా ఆ జగ్గును చూసింది. 2001లో కెమెరా ఆపేసేదాకా ఎన్ని దేశాలవాళ్ళు ఆ కాఫీ కోసం కళ్ళు కాయలు కాచుకున్నారో! తాగింది మాత్రం ఆ ల్యాబువాళ్ళే.

ఈ కథ విని చిన్నాయన ఏమీ ఆశ్చర్యపోలేదు. ఆయన బోరు మోటరుకు ఆటో స్టార్టరు ఎప్పుడో పెట్టుకున్నాడు. అప్పట్లో త్రీఫేసు కరెంటు అర్ధరాత్రి ఎప్పుడొచ్చేదో తెలిసేది కాదు. వచ్చినప్పుడు లేచి, టార్చిలైటు పట్టుకొని, పాములుండే గట్టు మీద నడిచిపోయి మీట నొక్కే బదులు, డబ్బా పెట్టేస్తే అదే నొక్కుకుంటుంది. లారీ వాల్ పుస్తకం చదవకుండానే చిన్నాయనకు మొదటి సుగుణం అబ్బింది. కాకపోతే పక్క చేలవాళ్ళకీ అదే సుగుణం అబ్బింది. కరెంటు వచ్చిన క్షణాన మోటర్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మంటుంది. అందుకే కరెంటాఫీసువాళ్ళకు ఆ డబ్బాలంటే పడదు. "మా సర్వర్లూ ఇట్లే పడిపోతాయి చిన్నాయనా" అన్నాడు అబ్బోడు ఎంతో ఆప్యాయంగా. ఆ రోజు నుంచి చిన్నాయనకు వాడి ఉద్యోగం మీద కొంచెం గౌరవం పెరిగింది. వాడిదీ కాలిపోయే సరుకే అని.

అసలు గొడవ వంటింట్లో మొదలవుతుంది. బెంగళూరు గదిలో సంగటి వండుకోవాలని వాడి కోరిక. హోటల్లో ముద్ద దొరుకుతుంది, అవ్వ చేతి ముద్ద దొరకదు. అందుకని అవ్వ ముందర కూర్చొని ఒక పట్టిక తెరిచినాడు.

"నూకలు ఎంత అవ్వా?"

"మందిని బట్టి."

"నీళ్ళు?"

"నూకల్ని బట్టి. పాతబియ్యం నూకలైతే ఎక్కువ తాగుతాయి, కొత్తవైతే తక్కువ."

"పిండి?"

"నీళ్ళు చెప్తాయిలే."

"ఉప్పు?"

"తగినంత."

వాడు పట్టిక మూసేసినాడు. ఒక్క గడిలోనూ అంకె పడలేదు. ప్రతిదీ ఇంకోదాన్ని బట్టి, చివరిది దేన్నీ బట్టి కాదు. వాడి ఆఫీసులో ఎవరైనా ఇట్లాంటి ప్రోగ్రాము రాస్తే యంత్రం ఎర్రగా అరుస్తుంది. ఇక్కడేమో ముప్పయి ఏండ్లుగా ఎవరూ అరవలేదు, అందరూ తిని లేచినారు.

పట్టువదలని వాడు కనుక గ్రాములు తూచే చిన్న కాటా తెప్పించినాడు. అవ్వను పిడికెడు పిండి పోయమన్నాడు. తూచినాడు. మళ్ళీ పోయమన్నాడు. మళ్ళీ. అంకె పెద్దగా కదల్లేదు. తర్వాత తాను పోసి చూసుకున్నాడు. మూడుసార్లకు మూడు అంకెలు. కాటా చెడిపోయిందని తిరిగి పంపించేసినాడు.

ఇక దిక్కు వీడియోలే. విదేశాల్లో స్థిరపడిన తెలుగు అక్కలు చక్కగా గాజుగిన్నెలు వరసగా పెట్టి చెప్తారు: ఒక కప్పు పిండికి రెండు కప్పుల నీళ్ళు. ఎంత హాయి! కప్పు ఏ సైజైతే ఏముంది, నిష్పత్తి ఒకటే కదా అని అబ్బోడు తర్కించినాడు. తర్కంలో తప్పు లేదు. కాకపోతే వాడి గదిలో కప్పులు రెండు. ఒకటి రైస్‌కుక్కరుతో వచ్చింది, 180 మిల్లీలీటర్లది. రెండోది ఆన్‌లైన్‌లో కొన్నది, 240ది. పిండి దాంతో, నీళ్ళు దీంతో కొలిచినాడు. ఒకటికి రెండు కావలసింది ఒకటికి రెండుంబావు దాటి రెండున్నర కూడా దాటింది. సంగటి కట్టెతో కెలుకుతుంటే కట్టె ఈదులాడింది. ఫోనులో చూపిస్తే అవ్వ తొణకలేదు. "అది సంగటి కాదులే, అంబలి. మజ్జిగ పోసుకొని, ఎర్రగడ్డ కొరుక్కుంటా తాగు" అంది. ప్రోగ్రాము తప్పయితే పేరు మార్చి వాడుకలోకి వదలడం అవ్వకు ఎవరు నేర్పినారో తెలీదు.

అబ్బోడు దర్యాప్తు చేసినాడు. అమెరికా కప్పు 237 మిల్లీలీటర్ల దగ్గర, ఆస్ట్రేలియా కప్పు 250. పెద్దచెంచా అమెరికాలో 15 మిల్లీలీటర్లయితే ఆస్ట్రేలియాలో 20. అంటే డాలస్ అక్క ఉప్పు చెంచా నమ్ముకొని మెల్‌బోర్న్ అల్లుడు వండితే ఆ పూట ఆ ఇంట్లో మాటలుండవు.

అవ్వను అడిగితే, మాకు మాత్రం తక్కువుండెనా అంది. సేరు ఒకటే పేరు, ఒకచోట కొలత, ఇంకోచోట తూకం. తూకంలో మళ్ళీ రెండు. 24 తులాలది కచ్చా సేరు, 80 తులాలది పక్కా సేరు. అంగట్లో కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు ఇంకోటి చేతికొచ్చే షావుకార్లు ఏ ఊర్లో లేరు గనక! 1956లో చట్టం చేసి, 1958 నుంచి కిలోలు, లీటర్లు తెచ్చి, 1962 నాటికి సేరునూ వీశెనూ సర్కారు సాగనంపింది. కాగితం మీద. మా పక్క ఇండ్లలో సేరు ఇప్పటికీ పోలేదు, గింజలు కొలిచి పోస్తానే ఉంది.

తాతకూ ఒక కొలత ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూఇటూ పడే మా జిల్లాలో వానను ఆయన ఎప్పుడూ మిల్లీమీటర్లలో అనలేదు. విత్తనం పదునయిందా, కాలేదా? అంతే. మడమతో మట్టి తొక్కి చెప్తాడు. అబ్బోడు ఫోను చూసి "తాతా, ఈరోజు 60 శాతం వాన" అంటే, "60 శాతం తడుస్తామా, 60 శాతం మందిమి తడుస్తామా?" అని అడిగినాడు. ఆ రోజు ఎవరూ తడవలేదు.

ఇదంతా చూసి, మన పల్లెటూరి కొలతలే ఇంత అని అబ్బోడు తలకొట్టుకుంటే అర్థం ఉండేది, వాడి కంప్యూటర్ల లోకంలో అంతా సవ్యంగా ఉంటే. నాసా అంగారకుడి దగ్గరికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరులో పోయింది ఎట్లా? ఒక జట్టు ప్రోగ్రాము పౌండ్లలో లెక్క ఇచ్చింది, రెండో జట్టు దాన్ని న్యూటన్లు అనుకుంది. అవ్వకు ఇది చెప్తే ఒకటే ప్రశ్న వేసింది: "అంత దూరం పంపేముందర ఒక్క మెతుకైనా పట్టి చూడలేదా?" అబ్బోడి ఆఫీసులో ఆ మెతుకు పట్టేవాళ్ళకు వేరే జీతాలున్నాయి. వాళ్ళంటే వీడికి గిట్టదు.

ఇంకా పెద్ద రహస్యం ఒక మధ్యాహ్నం మిద్దె మీద బయటపడింది. అవ్వ వడియాలు ఆరబెడుతోంది. అబ్బోడు మీటింగులో ఉన్నాడు. అవతల మేనేజరు బెజవాడాయన.

"ఈ పని ఎంతవుతుంది?"

"మూడు పాయింట్లు సార్."

మీటింగులో వేరే ఎవరో మాట్లాడుతుంటే అవ్వ మెల్లగా అడిగింది. "మూడు పాయింట్లంటే ఎన్ని దినాలురా?"

"దినాలు కాదవ్వా. పని ఎంత కష్టమో చెప్పే కొలత."

"ఎవరి కష్టం?"

"మా జట్టుది."

"పక్క జట్టోళ్ళ మూడూ మీ మూడూ ఒకటేనా?"

"కాదు. ఎవరి మూడు వాళ్ళది."

"రెండు తర్వాత మూడు, మూడు తర్వాత నాలుగేనా?"

"నాలుగు లేదవ్వా. ఒకటి, రెండు, మూడు, ఐదు, ఎనిమిది. కొన్నిసార్లు అంకెలు కూడా ఉండవు. చొక్కా సైజులు చెప్తాం. చిన్నది, మధ్యరకం, పెద్దది."

అవ్వ వడియాల పిండి చేతిని గాల్లోనే ఆపింది. తగినంత అన్నందుకు తన ముందర పట్టిక మూసేసింది ఈ మనవడేనా అని చూసింది. తర్వాత మిద్దె దద్దరిల్లేట్టు అడిగింది.

"ఆ మూడు కచ్చా సేర్లా, పక్కా సేర్లారా?"

అబ్బోడు మైకు ఆపడం మరిచిపోయినాడు. అవతల ఒక్క నిమిషం నవ్వులే. నవ్వు తగ్గినాక బెజవాడాయన చాలా మర్యాదగా అడిగినాడు. "మామ్మగారూ, సేరంటే మా వైపు తవ్వల్లో ఎన్నవుతుందండీ?"

"తవ్వంటే మాకు తెలిసింది బావి తవ్వేదొక్కటే నాయనా" అంది అవ్వ, ఫోను వైపు వంగి. "అదీ ఎండిపోయె."