ఓడిపోరా నాయనా!

మూడు నెలలుండి వద్దామని 2020 ఫిబ్రవరిలో న్యూజెర్సీలో కొడుకింటికి వెళ్లి, కరోనా పుణ్యమా అని ఏడాది ఇరుక్కుపోయాను. తోచక, పదమూడేళ్ల మనవడి పక్కన చేరి అమెరికా ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టాను. వాడి జట్టు జెట్స్. పేరేమో న్యూయార్క్‌ది, సొంత మైదానమేమో న్యూజెర్సీలో, గెలుపు మాత్రం ఎక్కడా లేదు. ఆ సీజన్లో వరసగా 13 ఆటలు ఓడింది.

పిల్లవాడు కుంగిపోతాడేమోనని ఓదార్చబోయాను. వాడు చప్పట్లు కొడుతున్నాడు.

"ఓడాలి తాతయ్యా! ఇలాగే ఓడితే ట్రెవర్ లారెన్స్ మనకే!"

అప్పుడు తెలిసింది సంగతి. అక్కడ ఏటా కాలేజీ కుర్రాళ్లను జట్లన్నీ వంతులవారీగా ఏరుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. అందరికంటే అధ్వాన్నంగా ఆడినవాళ్లది మొదటి వంతు. వాడు కలవరించే లారెన్స్, ఆ ఏడు అందరి కన్నూ పడ్డ కాలేజీ కుర్రాడు; బంతి విసరడం అతని పని. ఈ ఉపాయం 1935లో చెప్పింది ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్. ఆ ఏడు అట్టడుగున ఉన్నది ఎవరయ్యా అంటే, ఆయన జట్టే. కరణంగారు తన పొలానికి తనే గొలుసు పట్టి కొలుచుకున్నట్టుంది. అయితే 1936లో అలా మొట్టమొదట ఏరుకున్న జే బర్వాంగర్ ఆ లీగ్‌లో ఒక్క ఆటైనా ఆడలేదు. దేవుడున్నాడు.

తెనాలిలో ముప్ఫై ఏళ్లు పేకాటలో సిండికేట్ ఆడినవాణ్ణి. ముక్కలు బాగాలేనప్పుడు మొదట్లోనే డ్రాప్ అయి 20 రాయించుకోవడం, మొండికేసి ఆడి 80 మొయ్యడం కంటే నయమని నాకొకరు చెప్పక్కర్లేదు. మనవడి పక్షం చేరిపోయాను. "మామయ్యగారూ, రేపు లెక్కల పరీక్షకి కూడా వాడు ఇదే వాదం తెస్తాడు" అంది కోడలు. వింటేగా మేం!

డిసెంబరు 20. ఆట లాస్ ఏంజెలిస్‌లో, రామ్స్‌తో. జెట్స్ ఓడటం ఖాయమని ఊరంతా అంటుంటే, తాతామనవళ్లం జంతికలు ముందు పెట్టుకుని నిశ్చింతగా కూర్చున్నాం. 23-20తో గెలిచి కూర్చుంది! చివర్లో బంతి పట్టి ఆటను ఖాయం చేసినవాడు ఫ్రాంక్ గోర్. ఆయనకి అప్పటికే 37 ఏళ్లు. వచ్చే ఏడు వచ్చే కుర్రాడి కోసం ఈ ఏడు ఆయనెందుకు ఓడతాడు? ఆ బంతి విసిరిన శామ్ డార్నాల్డ్ సంగతి మరీనూ. లారెన్స్ వస్తే ఊడేది అతని కుర్చీయే. తన ఉద్వాసన ఉత్తర్వు తననే టైపు చెయ్యమంటే ఏ గుమాస్తా తప్పుల్లేకుండా కొడతాడు?

పేకలో డ్రాప్ అయితే ముక్కలేమీ అనుకోవు. ఇక్కడ ముక్కలకి ఇళ్లూ వాకిళ్లూ ఈఎంఐలూ ఉన్నాయి.

దావా ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంటారు. ఆ రెండోవాణ్ణి ఆ రాత్రి మా హాల్లోనే చూశాను. మరుసటి ఆదివారం క్లీవ్‌లాండ్ మీద కూడా గెలిచేసరికి వాడు అన్నానికే రాలేదు. లారెన్స్ జాక్సన్‌విల్‌కి పోయాడు. జెట్స్ రెండో వంతులో తెచ్చుకున్న జాక్ విల్సన్‌ని మూడేళ్లకే డెన్వర్‌కి సాగనంపింది.

ఇంతకంటే చిత్రం హ్యూస్టన్ కోచ్ లవీ స్మిత్ కథ. 2023 జనవరిలో ఆఖరి ఆట ఓడితే చాలు, మొదటి వంతు వాళ్లదే. ఆయన 32-31తో గెలిపించాడు. వంతు చికాగోకి పోయింది. 2012లో ఆయన్ని పీకేసిన జట్టు అదే! హ్యూస్టన్ కూడా ఆ రాత్రే ఆయన్ని పీకేసింది. రెండో వంతులో వాళ్లకి దొరికిన సి.జె. స్ట్రౌడ్ ఏమో తొలి ఏడే లీగ్‌లో మెరిశాడు. చికాగో దగ్గర మొదటి వంతు కొనుక్కున్న కరోలైనా 17 ఆటల్లో గెలిచింది రెండు. ఈ ఆటలో మేటి అనిపించుకున్న టామ్ బ్రాడీని 2000లో ఏరుకున్నది 199వ వంతులో అని మనవడే చెప్పాడు, కాస్త సిగ్గుపడుతూ.

నేను తెనాలి వచ్చేశాను. 2024 సీజన్ చివర్లో వాడు ఫోన్ చేశాడు. "తాతయ్యా, మన డార్నాల్డ్ మిన్నెసోటాలో 14 ఆటలు గెలిచాడు!"

"ఎవరికి చెబుతావురా? మనం పారేసిన ముక్కతోనే పక్కవాడు షో కొట్టడం తెనాలిలో నేను ముప్ఫై ఏళ్లు చూశాను" అన్నాను.