బ్రౌనీ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
వెన్న కరగఁబెట్టి వేసి చాక్లెట్టును
గుడ్లు చక్కెరలను గూర్చి చిలికి
పిండి కొంచె మేసి బేకింగు చేసిన
నడుమ తడిగ నున్న నాడె బ్రౌని

అవతారిక: కొబ్బరి నీడన కోకో పండించి, గింజలమ్మి, చాక్లెట్ కొనుక్కు తినే గోదావరి సీమలో ఒక వంటింటి గోడ మీద దొరికిన ఆటవెలది ఇది. కవి పేరు లేదు. చేతికి మైదా అంటుకుని ఉండటం వల్ల సంతకం కుదరలేదని సంప్రదాయజ్ఞుల మాట.

ప్రతిపదార్థం: వెన్న = ఉప్పు లేని వెన్నను 120 గ్రాములు; కరగఁబెట్టి = మరిగే నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించి; చాక్లెట్టును = 150 గ్రాముల డార్క్ చాక్లెట్‌ను; వేసి = అందులో వేసి; గుడ్లు = రెండు గుడ్లను; చక్కెరలను = 200 గ్రాముల పంచదారను (కాస్త బెల్లప్పొడి కూడా కలపమని బహువచనానికి స్వారస్యం); కూర్చి చిలికి = నురగ తెల్లబడేదాకా గిలక్కొట్టి; పిండి = మైదాను; కొంచెము + ఏసి = 60 గ్రాములే వేసి; బేకింగు చేసినన్ = ఎనిమిదంగుళాల పళ్లెంలో పోసి, 175 డిగ్రీల ఓవెన్‌లో పాతిక నిమిషాల లోపు కాలిస్తే; నడుమ = మధ్యభాగం; తడిగన్ + ఉన్న నాడె = చెమ్మగా ఉన్నప్పుడే; బ్రౌని = బ్రౌనీ (అగును).

అధ్యాహారం: 'రెంటినీ కలిపి' అనీ, 'చిటికెడు ఉప్పుతో' అనీ చేర్చుకోవాలి. గణాలు చాలక కవి వదిలేశాడు.

విశేషాలు: 'కొంచె'మే ఈ పద్యానికి ప్రాణం. పిండిది పైచేయి అయితే కేకు, వెన్నా చాక్లెట్లది పైచేయి అయితే బ్రౌనీ. బేకింగ్ పౌడర్ ఊసెత్తకపోవడం కవి మతిమరుపు కాదు, అది వేస్తే పొంగి స్పాంజి అవుతుంది. 'చిలికి' అనడంలో ఆంతర్యం: పంచదార గుడ్లలో బాగా కరిగితేనే పైన నిగనిగలాడే పల్చటి పొర కడుతుంది. 'పిండిని కొంచెం మేసి' అని విడదీసే పిల్ల వ్యాఖ్యాతలు ఇంటింటా ఉన్నారు. పచ్చి గుడ్డు కలిసిన పిండి కనుక ఆ పాఠం గ్రాహ్యం కాదు.

శంక: ఆయ్, నడుమ తడిగా ఉంటే కాలలేదనరాండీ?
సమాధానం: పుల్ల గుచ్చి చూడు. జారుడు పిండి వస్తే కాలేదు. తడి పలుకులు అంటితే అయింది. పొడిగా వస్తే అయిపోయింది! దించాక కూడా పళ్లెం వేడికి లోపల ఉడుకుతూనే ఉంటుంది. తాపేశ్వరం కాజాకి పాకం ముదరకుండా దించే చేతికి ఈ సూక్ష్మం వేరే నేర్పాలా?

శంక: కార్తీకమాసంలో గుడ్లెలాగండీ?
సమాధానం: చిక్కటి పెరుగు వేసుకో. కాకపోతే పైపొర నిగనిగ మీద ఆశ వదులుకో.

శంక: పరదేశపు పిండివంటకి మన టీక ఎందుకండీ?
సమాధానం: దాని గోత్రం అక్కడే నిలకడగా లేదు. అమెరికాలో ఫ్యానీ ఫార్మర్ వంటపుస్తకం 1896 ముద్రణలోని బ్రౌనీల్లో ఉన్నది మొలాసిస్. చాక్లెట్ 1906 ముద్రణకి గానీ చేరలేదు. కోకోకి మాత్రం ఇక్కడ స్థిరనివాసం ఉంది. దేశంలో కోకో అత్యధికంగా పండేది ఆంధ్రప్రదేశ్‌లో. పశ్చిమ గోదావరి, ఏలూరు, కోనసీమ వైపు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అది అంతరపంట. కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో సహా గింజల్ని అయిదారు రోజులు పులియబెట్టి, ఎండబెడితే గానీ చాక్లెట్ రుచికి పునాది పడదు. ఏలూరు జిల్లా తాడికలపూడిలో అలా పులిసిన గింజలే హైదరాబాద్‌లో 2023లో తెరిచిన 'మనం చాక్లెట్'లో బిళ్లలవుతున్నాయి. 2024లో ఆకాశానికెక్కిన గింజ ధర మరుసటేడు దిగివచ్చి రైతు ఆశ కరిగిన సంగతి 'కరగఁబెట్టి'లో ధ్వని.

తాత్పర్యం: వెన్నా చాక్లెట్ల దగ్గర దాత, పిండి దగ్గర పిసినారి, ఓవెన్ దగ్గర ఒక నిమిషం ముందే లేచేవాడు ఎవరో వారికే బ్రౌనీ ప్రాప్తిస్తుందని భావం.

ఫలశ్రుతి: పూర్తిగా చల్లారాక కోసినవారికి నాలుగంచుల ముక్కలు. ఆగలేక కోసినవారికి ముద్ద; వారికి చెంచా విధించడమైనది.