‘జిల్లా జిల్లా’ వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ముందుగా పేర్కొన్న కొన్ని విలువల్లో ఏదో ఒకటి మాత్రమే కాగలిగినదాన్ని ప్రోగ్రామర్లు ఎనమ్ అంటారు. నంద్యాల పరిసరాల్లోని నవనందులు, ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలంలో వెలసిన నవనారసింహులు ఇందుకు చక్కని ఉదాహరణలు. పదో నందిని చేర్చే అధికారం ఏ ప్రోగ్రామరుకూ లేదు. ఇటువంటి ఎనమును డేటాబేసులో దాచవలసి వచ్చినప్పుడు, ప్రోగ్రాములోని ఆబ్జెక్టును పట్టికలో వరుసగానూ, ఆ వరుసను తిరిగి ఆబ్జెక్టుగానూ మార్చే హైబర్నేట్ వంటి ఓఆర్ఎం సాధనానికి ఏ రూపంలో దాచాలో ఆజ్ఞాపించే జావా వాక్యమే ఇక్కడ వ్యాఖ్యేయం.

మూలం:

@ఎన్యూమరేటెడ్(ఎనమ్‌టైప్.ఆర్డినల్) ప్రైవేట్ జిల్లా జిల్లా;

ప్రతిపదార్థం: @ఎన్యూమరేటెడ్ = ఎనముగా దాచదగినట్టిదియు; ఎనమ్‌టైప్.ఆర్డినల్ = వరుస సంఖ్యా రూపమున నిలుచునదియు; ప్రైవేట్ = పరుల చేయి సోకనిదియు అగు; జిల్లా = జిల్లా అను జాతికి చెందిన; జిల్లా = జిల్లా అను పేరుగల గడి. మొదటి జిల్లా జాతివాచకం, రెండవది వ్యక్తివాచకం కనుక పునరుక్తి దోషం లేదు. చివరి సెమికోలన్ పాదపూరణార్థం వచ్చినది కాదు. అది లోపిస్తే కంపైలరు కావ్యాన్నే స్వీకరించదు.

తాత్పర్యం: జిల్లా పేరును కాక, జాబితాలో దాని స్థానాన్ని తెలిపే అంకెను పట్టికలో రాయవలసినదని భావం.

విశేషాలు: కుండలీకరణంలోని పదాలు లేకపోయినా ‘ఆర్డినల్’ను అధ్యాహారం చేసుకోవాలని 2006 నాటి జావా పర్సిస్టెన్స్ (జేపీఏ) శాసనం. అడగనివారికి అపాయకరమైనదాన్నే ప్రసాదించడం శాసనకర్తల వాత్సల్యానికి నిదర్శనం. జావా లెక్క సున్నాతో మొదలవుతుంది కనుక నవనందులను ఈ మార్గంలో దాచితే ప్రథమనందికి 0, చివరి నందికి 8 దక్కుతాయి. మైఎస్‌క్యూఎల్ డేటాబేసు తన సొంత ఎనములను 1 నుంచి లెక్కిస్తుంది కాబట్టి ఆ మతంలో మాత్రం ప్రథమనంది ప్రథముడే.

అంకెకు తక్కువ చోటు చాలునని పూర్వపక్షం. దానికి సమాధానం 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే చెప్పింది: 13 జిల్లాలు 26 అయ్యాయి, కర్నూలు నుంచి నంద్యాల విడివడింది. జాబితాలో కర్నూలు పక్కన ప్రకాశం ఉందనుకుంటే, అక్షరక్రమం మీద మమకారంతో ఆ రెంటి నడుమ నంద్యాలను ఇరికించిన మరుక్షణం, పట్టికలో ఒక్క అంకె కూడా మారకుండానే ప్రకాశం జిల్లాలోని ఒంగోలు వాసులందరూ నల్లమల దాటి నంద్యాల జిల్లాలో పడతారు. డేటాబేసు కిక్కురుమనదు, ఎందుకంటే దాని దృష్టిలో ఏ తప్పూ జరగలేదు.

‘ఆర్డినల్’ స్థానంలో ‘స్ట్రింగ్’ అని పాఠాంతరం. అప్పుడు పేరే అక్షరాలా పట్టికలోకి ఎక్కుతుంది గనుక జాబితాను ఎలా కలిపినా ఒంగోలు కదలదు. కానీ 2010లో కడప జిల్లా వైఎస్సార్ జిల్లా అయినట్టు పేరే మారినప్పుడు, ప్రోగ్రాములో మార్చి పట్టికలో మరచినవారికి పాత వరుస చదవగానే ప్రోగ్రాము ఎర్రర్ చూపి ఆగిపోతుంది. ఈ గోల ఆ మౌనం కన్నా వెయ్యి రెట్లు నయం. 2013లో జేపీఏ 2.1తో వచ్చిన కన్వర్టర్ మూడో దారి. వరుసకూ పేరుకూ సంబంధం లేని సొంత కోడును ప్రతి విలువకూ ఇచ్చి, దాన్నే దాచుకోవచ్చు.

అయితే వ్యాఖ్యాతకు మూలకర్త మీదనే అసలు ఆక్షేపణ: జిల్లా ఎనమే కాదు. నవనందులను మార్చే జీవో రాదు, జిల్లాలను మార్చే జీవో వస్తుంది. జీవో వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రామును తిరిగి కంపైలు చేయవలసి రావడం పాలనా శాస్త్రానికీ ప్రోగ్రామింగు శాస్త్రానికీ కూడా అవమానం. జిల్లాకు వేరే పట్టికే ఉండాలి, అందులో ప్రతి జిల్లాకూ మారని కోడు, అమలైన తేదీ, ముగిసినట్టయితే ఆ తేదీ ఉండాలి. జాబితాలో నంద్యాల చేరినంత మాత్రాన ఆ కొత్త జిల్లాలోకి వచ్చిన ఆళ్లగడ్డ వరుసలు వాటంతట అవే కర్నూలును వదలవని, చిరునామాల గడిని వేరుగా సవరించక తప్పదని గమనించాలి. ఆ సవరణ చేసేవారు అదే ఊపులో జన్మస్థలం గడి జోలికి పోరాదు. 2021లో ఆళ్లగడ్డలో పుట్టిన బిడ్డ కర్నూలు జిల్లాలోనే పుట్టింది.