అవార్డు తెచ్చే ‘చీకటి బతుకులు’: ఫోటోగ్రాఫర్లకు ఏడు చిట్కాలు

పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు తీసీ తీసీ విసుగొచ్చిందా? సమాజాన్ని మేల్కొలపాలని చెయ్యి దురద పెడుతోందా? కర్నూలు, కడప జిల్లాల్లో ఉంటూ ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళ మీద ఒక ఫోటో సిరీస్ చేయకపోతే కెమెరాకే అవమానం. ఇవిగో చిట్కాలు.

1. నేలతో మొదలుపెట్టండి. నల్లరేగడి ఎండాకాలం వస్తే పంట పండిన ఏడు కూడా నెర్రెలిస్తుంది. కాబట్టి కరువు కోసం కాచుకోనక్కర్లేదు. ‘కరువు కాటుకు బలి’ అని రాసేయండి. సీమ ఆడవాళ్ళను పుణె బుధవార్ పేటకో, ఢిల్లీ జీబీ రోడ్డుకో చేర్చింది వానదేవుడే అన్నమాట. అడ్వాన్సు చేతిలో పెట్టిన మనిషి, పని ఇప్పిస్తానని రైలెక్కించిన దూరపు చుట్టం ఫ్రేములోకి రాకుండా చూసుకోండి.

2. చట్టాన్ని వాడుకోండి. అమెరికాలో నెవాడాలోని కొన్ని కౌంటీల్లో ఇలాంటి ఇళ్ళకు లైసెన్సు ఉంటుంది. మన దగ్గర ఆ తంటా లేదు. 1956 నాటి చట్టం కింద ఒళ్ళమ్ముకోవడం ఒక్కటే నేరం కాదు గానీ, ఆ ఇల్లు నడపడం నేరం, తార్చడం నేరం, ఆ సంపాదన తిని బతకడం నేరం. అందుకే స్టేషన్‌కు పోయి మీ మీద ఫిర్యాదు చేయాలంటే ఆమెకే భయం. ఇంతకన్నా అనుకూలమైన వెలుతురు ఎక్కడ దొరుకుతుంది?

3. ఓపిక పట్టకండి. ఫోటోగ్రాఫర్ మేరీ ఎలెన్ మార్క్ బొంబాయి ఫాక్లాండ్ రోడ్డుకు పదేళ్ళపాటు వెళ్ళినప్పుడల్లా తిట్లు తిని, చెత్తా నీళ్ళూ మీద పోయించుకుంది. 1978లో అక్కడే తిష్ఠ వేసి, స్నేహం కలిశాకే ఫోటోలు తీసింది. పుస్తకం 1981లో గానీ రాలేదు. మీకు సాయంత్రం బస్సుంది. లాడ్జి మీద పోలీసులు దాడి చేసిన రోజు వెళ్ళండి. ఆడవాళ్ళను వరసగా నిలబెట్టే ఉంచుతారు.

4. చున్నీ కప్పించండి. ముఖం దాస్తే గోప్యత పూర్తయినట్టే. చేతి మీది పచ్చబొట్టు, ఉగాదికి అమ్మ పెట్టిన చీర చూసి ఊర్లో ఎవరు గుర్తుపడతారు? దాడిలోనైనా, అరెస్టులోనైనా, కాపాడి తెచ్చినప్పుడైనా వీళ్ళెవరో తెలిసేలా ఫోటోలు వేయకూడదని 2022 మే 19న సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు ఢిల్లీలో ఉంది. జిల్లా పేజీ తెల్లారేసరికి ఊరి టీకొట్టులో ఉంటుంది.

5. అనుమతి పైవాళ్ళను అడగండి. పుణెలో అయితే ఘర్వాలీని, ఇక్కడైతే ఇల్లు నడిపే ఆమెను. ఇల్లు ఆమెది కాబట్టి లోపలున్న ముఖాలూ ఆమెవే. ‘‘ఫోటో యాలప్పా? మావోళ్ళు సూస్తే గడప తొక్కనిస్తారా?’’ అని ఎవరైనా అంటే, ‘‘పేపర్లో రాదులే అక్కా’’ అనండి. అబద్ధం కాదు, వచ్చేది ఇన్‌స్టాగ్రామ్‌లో.

6. వాళ్ళు చూపించేది తీయకండి. కెమెరా అసలే ఇవ్వకండి. కోల్‌కతా సోనాగాచి పిల్లల చేతికి జానా బ్రిస్కీ కెమెరాలిచ్చింది, దాని మీద తీసిన సినిమాకు 2005లో ఆస్కార్ వచ్చింది గానీ, మీలాంటి వాళ్ళు అంత రిస్కు తీసుకోకూడదు. గుర్తింపు కార్డు అడగకుండా ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళకు రేషన్ ఇవ్వాలని 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అంది కదా, డీలరు ఇస్తున్నాడో లేదో వచ్చి ఫోటో తీయమంటారు. గోనెసంచి పట్టుకుని నిలబడ్డ మనిషికి ఏ జడ్జి మార్కులేస్తాడు? మంచం చూపండి. కింద ‘లక్ష్మి (పేరు మార్చాం)’ అని వేసి, ఆ పక్కనే ఆమె ఊరు, మండలం, పిల్లలెందరో, మొగుడు ఏ బోరు అప్పుల్లో పోయాడో రాయండి. వివరాలుంటేనే నమ్మకం.

7. మగవాళ్ళ జోలికి పోకండి. చట్టం మొదట వేలు చూపేది ఇల్లు నడిపేవాళ్ళ మీద, బ్రోకర్ల మీద అయినా సరే. వాళ్ళకు పరువుంటుంది, పెళ్ళికెదిగిన కూతుళ్ళుంటారు. వచ్చిన విటుడికైతే మరీనూ. అతను వెనక తలుపున దిగిపోయేదాకా లెన్సు తుడుచుకుంటూ ఉండండి. రేపు అవార్డు వచ్చాక ఊర్లో సన్మానం పెడతారు. శాలువాకు చందా రాసేవాళ్ళలో ఆ లాడ్జి ఓనరు కూడా ఉండొచ్చు.