“నెలకి లక్ష” అను మహావాక్యమునకు టీక

మూలం: “హాయ్ గైస్! చేతిలో ఫోన్ ఉంటే చాలు, నెలకి లక్ష. లింక్ బయోలో!”

అవతారిక: కవి కారు బానెట్‌కి ఆనుకుని, చీకటి పడ్డాక కూడా నల్లకళ్లద్దాలు తీయక, లోకోపకారార్థం అర నిమిషంలో అర్థశాస్త్రం ఉపదేశిస్తున్నాడు.

టీక: హాయ్, గైస్, ఫోన్ – సుగమములు. “చాలు” దగ్గర మాత్రం ఆగాలి. చాలు అనగా సరిపోవును. నాగటి చాలు కూడా చాలే. మా తాతగారి చేలో అది వంకరపోతే ఎద్దునీ పాలేరునీ ఒకే ఊపులో తిట్టేవారు. ఎద్దు పట్టించుకునేది కాదు. ఇక ఈ క్రియ చమత్కారం చూడండి: ఒంటరిగా ఉంటే తృప్తి, తన వ్యతిరేకాన్ని వెంటబెట్టుకొస్తే “చాలీచాలని” అయి బడిపంతులు జీతం పక్కన చేరుతుంది. వడ్డించేటప్పుడు “చాలు చాలు” అంటే మరో గరిటె వేయమని. ఒక్క మాటలో ఇన్ని బతుకులున్న భాష మనది... ఎక్కడున్నాం? ఆఁ, ఫోన్ దగ్గర.

వాక్యార్థం తెలియాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలన్నారు తార్కికులు. “నెలకి లక్ష” – క్రియ ఏదీ? వచ్చునా, పోవునా? ఎవరికి? మా మేనల్లుడు “నాకు వచ్చును” అని అధ్యాహారం చేసుకుని 4,999 రూపాయలు కోర్సుకి కట్టాడు. కవి హృదయం “మీ అందరి దగ్గర్నుంచీ నాకు” అని. సన్నిధి అసలే లేదు. వాక్యం ఇక్కడ, లింక్ బయోలో.

యోగ్యత సంగతికొస్తే నాకు నవ్వు రావడం లేదు. యూట్యూబ్‌లో ఒక్క షార్ట్స్‌తోనే ప్రకటనల వాటా కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు 90 రోజుల్లో కోటి వ్యూలు. అంటే రోజుకి లక్షా పదకొండు వేల చిల్లర. ఆ గడప దాటాక క్రియేటర్ల పద్దులో తన పేర పడిన దాంట్లో వీడియో చేసినవాడికి దక్కేది 45 శాతం. వీడియోలో ఒక పాట పెడితే, ఆ పద్దులో పడకముందే సగం పాట ఖాతాకి పోతుంది. మిగిలింది 100 డాలర్లు పోగయ్యేదాకా చేతికి రాదు. పచ్చళ్లు పెట్టేవాళ్లూ చీరల కొట్లవాళ్లూ నిలబడుతున్నారంటే వ్యూల మీద కాదు నాయనా, వీడియో చూసి వచ్చే ఆర్డర్ల మీద! ఈ ముక్క చెప్పడానికి అర నిమిషం చాలదా? (ఇక్కడ “చాలదా” అన్నది కోపార్థకం.)

తాత్పర్యం రాయబోతుండగా వంటింట్లోంచి అక్క కేక. మేనల్లుడు పులిహోర పళ్లెం చుట్టూ రింగ్ లైటు పెట్టి పావుగంటైంది, ఎవరూ ముట్టకూడదట. నేను వెళ్లి చెడామడా తిట్టాను. వాడు తలొంచుకుని విన్నాడు. అంతా అయ్యాక –

“మామయ్యా, ‘చాలదా’ దగ్గర్నుంచి ఇంకోసారి తిట్టవూ? కళ్లజోడు మీద లైటు పడింది.”