బిరుదు మీకు, బేరార్ మాకు

వేదికనలంకరించిన పెద్దలకు, అలంకరించబోయే పెద్దలకు, అలంకరించే ఆశతో మెట్ల దగ్గర నిలబడ్డ పెద్దలకు నమస్కారం. ఈ ఒక్క వాక్యానికే మన పాతబస్తీ సభల్లో అరగంట పడుతుంది. ‘జనహృదయ నేత’ దగ్గర మొదలై ‘బడుగుల ఆశాజ్యోతి’ దాకా పోయేసరికి ముందు వరుసలో ముసలాయన ఓ కునుకు తీసి లేస్తాడు.

ఇదేమిటయ్యా అంటే, ‘దర్బారు తహజీబ్ సాబ్’ అంటారు. సరే, దర్బారుకే పోదాం పదండి.

చౌమహల్లా కొలువులో బిరుదులకు నిచ్చెన ఉండేది: జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, జా. ఆ పైన ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్: రుస్తుమ్-ఎ-దౌరాన్, అరస్తూ-ఎ-జమాన్. అంటే బలంలో రుస్తుం, బుద్ధిలో అరిస్టాటిల్, రెండూ ఒకే షేర్వాణీలో. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన డబ్బు ధారపోస్తే తెల్లదొరలు 1918లో ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ అన్నారు. మిగతా రాజులు ఉత్త హైనెస్‌లే! అంత మాట అన్నారు కదా అని ఆయన, తెల్లదొరల చేతిలో ఉన్న తన బేరార్ ప్రాంతాన్ని తిరిగిమ్మన్నాడు. 1926లో వైస్రాయి రీడింగ్ జవాబు రాశాడు: ఈ దేశంలో బ్రిటిష్ అధికారానిదే పైచేయి, మాతో సరిసమానంగా బేరమాడే హక్కు ఏ సంస్థానాధీశుడికీ లేదు. విశేషణం ఖర్చులేనిది కనుక ఇచ్చారు. బేరార్‌కు ఆదాయముంది కనుక ఉంచుకున్నారు.

ఆ కిటుకు మన నాయకులకు బాగా పట్టుబడింది, కాకపోతే తిరగేసి వాడుతున్నారు. బిరుదులు తాము తీసుకుని, జనానికి బేరార్ సమాధానం చెబుతున్నారు. రాజ్యాంగం 18వ అధికరణం ప్రభుత్వం బిరుదులివ్వకూడదంది. 1971లో 26వ సవరణ మాజీ రాజుల గుర్తింపునే తీసేసింది. పాపం, ఫ్లెక్సీ కొట్టేవాడి గురించి ఎవరికీ తోచలేదు. ఇప్పుడు పట్టాభిషేకాలన్నీ అతని చేతిమీదుగానే.

పాతబస్తీ అసలు మర్యాద చాలా పొట్టిది. కిక్కిరిసిన ఇరానీ హోటల్లో ముక్కూమొహం తెలియనివాడికి జరిగి చోటిచ్చి ‘బైఠో మియాఁ’ అనడం. ఆ రెండు మాటలకు శాలువా అక్కర్లేదు.

ఇక్కడి కష్టమూ అంతే పొట్టిది. ‘పానీ నై ఆరా, భాయ్’ అని చెప్పడానికి ఓ అమ్మ అర్జీ పట్టుకుని సభలో కూర్చునే ఉంది. సంబోధనలు ముగిసేసరికి ఆఖరి బస్సు పోతుంది.

అందుకని గౌరవనీయులైన నిర్వాహకులకు ఒక మనవి. ఈసారి మైకు ముందు ఆమెకివ్వండి. బిరుదులంటారా, సభ ముగిశాక కుర్చీలెత్తే కుర్రాళ్లకు చదివి వినిపించండి. కూలి తీసుకున్నారు కనుక వాళ్లు తప్పక వింటారు.