శ్రీశైలం నడిచి వెళ్తారా? మొదటి ఏడాది శ్రీశైలం చేరకండి

ఫాల్గుణం వచ్చిందంటే కర్నూలు చుట్టుపక్కల రోడ్ల మీద కన్నడం వినిపిస్తుంది. విజయపుర, బాగల్‌కోటె, బెళగావి, రాయచూరు వైపుల నుంచి వేలాది మంది ఉగాదికి శ్రీశైలం చేరాలని నడిచి వస్తుంటారు. కొందరికి అది వందల కిలోమీటర్ల దారి. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. కొత్త సంవత్సరానికి ఆడపిల్లకు సారె తీసుకెళ్లే పుట్టింటివాళ్లలా వస్తారు. భుజాన కంబి (కావడి) మోసేవాళ్లు, కాళ్లకు కర్రలు కట్టుకుని నడిచేవాళ్లు, మనవరాలి చెయ్యి పట్టుకున్న అవ్వలు కనిపిస్తుంటే మనకూ ఒక్కసారి నడవాలనిపిస్తుంది.

మనకు దొరికే సెలవు నాలుగైదు రోజులు. అందుకని అందరూ ఒకటే ప్లాను వేస్తారు: ఆత్మకూరు దాకా బస్సు, వెంకటాపురం దగ్గర అడవిలోకి, ఉగాది పొద్దున గుడి ముందు. నా సలహా దీనికి పూర్తిగా తలకిందులు. మొదటి ఏడాది కర్నూలు నుంచి ఆత్మకూరు దాకా మాత్రమే నడవండి. అక్కడ బస్సెక్కి ఇంటికి వెళ్లిపోండి. మీ పెద్దవాళ్లకు ఇది నచ్చదని తెలుసు. అయినా కారణాలు వినండి.

1. గుడి లేని భాగమే ఎంచుకోండి

వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాస ద్వారం. అడవి దారి ఇది, దాదాపు 40 కిలోమీటర్లు. నాగలూటి దాటాక మెట్లెక్కాలి. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి, మళ్లీ నిట్టనిలువుగా కైలాస ద్వారానికి ఎక్కాలి. అంటే ఒళ్లు పూర్తిగా అలిసిపోయాకే అన్నిటికంటే కష్టమైన ఎక్కుడు ఎదురవుతుంది. మధ్యలో "ఇక నావల్ల కాదు" అన్న మనిషిని మోసుకు రావాలే తప్ప ఆటో ఎక్కించే వీలుండదు. ఫోన్లో సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు.

కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరుకు సుమారు 70 కిలోమీటర్లు. అంతా తారు రోడ్డే. ఫొటోలకు పనికొచ్చేంత అందమేమీ ఉండదు. కానీ దారి పొడవునా ఊళ్లున్నాయి, మందుల షాపులున్నాయి, చెయ్యెత్తితే ఆగే బస్సుంది, 108 వస్తుంది. మీ కాళ్లు, మీ గుండె, మీ ఓపిక ఎంతో తెలుసుకోవలసింది ఈ రోడ్డు మీదే. నాగలూటి మెట్ల మీద తెలిస్తే ఆలస్యమైపోతుంది.

2. మొక్కు అలంపురంలో చెప్పుకోండి

"మొక్కుకుని సగంలో ఆగితే పాపం కదా?" అని అడుగుతారు. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలున్నాయని మన పెద్దలే చెప్పారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. అంతదూరంలోని క్షేత్రాలను ద్వారాలన్నారంటే, శ్రీశైలం అక్కడి నుంచే మొదలవుతుందని అర్థం. శిఖరాన్ని దూరం నుంచి చూసినా చాలని నమ్మే సంప్రదాయం కూడా మనదే.

కాబట్టి నడక మొదలుపెట్టే ముందురోజు బస్సులో అలంపురం వెళ్లండి. జోగులాంబకూ, బాలబ్రహ్మేశ్వరుడికీ దండం పెట్టుకుని "ఈ ఏడు ఆత్మకూరు దాకా, సిద్ధమైతే వచ్చే ఏడు మల్లన్న గుడి దాకా" అని మొక్కుకోండి. మీరు నెరవేర్చగలిగిన మొక్కు ఇది. నెరవేర్చలేని మొక్కు పట్టుకున్నవాళ్లే జ్వరంతో నడుస్తారు, ఛాతీలో నొప్పి వస్తున్నా దాచుకుంటారు. దేవుడి పేరు మీద అలాంటి సాహసం చేయనివ్వకండి, చేయకండి.

3. ఉగాదికి చేరేలా తేదీ పెట్టుకోకండి

ఉగాది ముందురోజు అమావాస్య. పండగ దగ్గర పడేకొద్దీ రాత్రులు చీకటవుతాయి. వెన్నెల్లో నడుద్దామని బయల్దేరినవాళ్లు చివరికి టార్చి వెలుగులో తడుముకుంటారు. ఫాల్గుణ బహుళ పంచమి ప్రాంతంలో కర్నూలులో బయల్దేరండి. అప్పుడు చంద్రుడు రాత్రి ఆలస్యంగా లేస్తాడు, తెల్లవారుజామున నాలుగింటికి నడినెత్తిన ఉంటాడు. మనం నడవాల్సింది ఆ వేళకే. అష్టమికో నవమికో ఆత్మకూరు చేరతారు, రద్దీ పెరగకముందే ఇంట్లో ఉంటారు.

ఉగాది ప్రతి ఏడాదీ ఒకే ఎండలో రాదు. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2026లో మార్చి 19న. రాయలసీమలో ఆ మూడు వారాల తేడా చాలా పెద్దది. మార్చి ఉగాది అయితే రోజుకు 17, 18 కిలోమీటర్లు పెట్టుకోవచ్చు. ఏప్రిల్‌లో వచ్చే ఏడాది 12కు తగ్గించి, సెలవు సరిపోకపోతే నందికొట్కూరులోనే ముగించండి. ఎప్పుడైనా సరే, పొద్దున నాలుగున్నర నుంచి తొమ్మిదింటి దాకా నడవండి, సాయంత్రం ఎండ తగ్గాక ఒక గంట. మధ్యలో ఎంత దగ్గరి ఊరైనా లేవకండి.

మల్లన్న దర్శనం మీకు ముఖ్యమైతే, పండగయ్యాక ఒక మామూలు రోజున బస్సులో వెళ్లండి. రద్దీ ఎక్కువైనప్పుడు స్పర్శ దర్శనం ఆపి అలంకార దర్శనమే ఇస్తారు. మామూలు రోజున ఆయన ముందు కాసేపు నిలబడే అవకాశం ఎక్కువ.

4. బసకంటే ముందు మరుగుదొడ్డి చూడండి

ఈ సలహా మగవాళ్లకు వింతగా ఉంటుంది, ఆడవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. నడిచే ఆడవాళ్లలో చాలామంది నీళ్లు తక్కువ తాగుతారు. దాహం లేక కాదు, తాగితే వెళ్లడానికి చోటుండదని. వడదెబ్బకు అక్కడే బీజం పడుతుంది.

అందుకని ప్లాను కాగితం మీద ముందు ఊళ్లు రాయకండి. బాత్రూమున్న పెట్రోలు బంకు, బడి, ఫంక్షన్ హాలు, తెలిసినవాళ్ల ఇల్లు, ఇవి రాయండి. ఒకరోజు బైకు మీద వెళ్లి చూసి రండి, తాళం ఎవరి దగ్గరుంటుందో అడగండి. ఒకదానికీ ఇంకోదానికీ గంటన్నర నడక కంటే ఎక్కువ దూరం ఉండకూడదు. ఇది కుదిరిన తర్వాత పడుకునే చోటు గురించి ఆలోచించండి. చాప ఎక్కడైనా పరుచుకోవచ్చు.

5. అందరికంటే నెమ్మదైన మనిషిని ముందు నడిపించండి

గట్టివాళ్లు ముందు నడిచి, వెనకవాళ్ల కోసం చెట్టు కింద ఆగుతారు. వెనకవాళ్లు వచ్చేసరికి వీళ్ల అలసట తీరిపోతుంది, లేచి బయల్దేరతారు. అలా అయితే వెనకబడ్డ అత్తకు రోజంతా కూర్చునే అవకాశమే దొరకదు. ఆమె ఏమీ అనదు. మూడో రోజు మోకాలు పట్టేస్తుంది.

ఆ అత్తనే ముందు నడవమనండి. ఆమె ఎంత నడిస్తే అంతే నడక, ఆమె కూర్చుంటే అందరూ కూర్చోవాలి. గట్టివాళ్లలో ఒకరు అందరి వెనకా ఉండాలి. కుర్రాళ్లకు విసుగొస్తుంది. రానివ్వండి, వాళ్లకు నీళ్ల క్యాన్లు ఇవ్వండి.

6. రోడ్డుకు కుడివైపు నడవండి

అలవాటు కొద్దీ అందరూ ఎడమవైపు నడుస్తారు. లారీ వెనక నుంచి వస్తుంది, కనిపించదు. కుడివైపు నడిస్తే వచ్చే బండి ఎదురుగా కనిపిస్తుంది, రోడ్డు దిగడానికి వ్యవధి ఉంటుంది. ఒకరి వెనక ఒకరు నడవండి. తెల్లవారుజామున సంచులకు, చేతికర్రలకు మెరిసే స్టిక్కర్లు అంటించుకోండి. ముందూ వెనకా టార్చి ఉండాలి. చెవిలో భక్తి పాటలు పెట్టుకుని నడవకండి. భజన గట్టిగా పాడుకోండి, అందరికీ వినిపిస్తుంది, హారనూ వినిపిస్తుంది.

దారిలో కాలువలు తగులుతాయి. పోతిరెడ్డిపాడు, బానకచెర్ల ఈ చుట్టుపక్కలే. చెమటతో తడిసిన ఒంటికి ఆ నీళ్లు చూస్తే దిగాలనిపిస్తుంది. దిగకండి. సిమెంటు గట్టు వాలుగా, నున్నగా ఉంటుంది. ఈత వచ్చినవాడికి కూడా పట్టు దొరకదు. బోరు దగ్గర బకెట్టుతో పోసుకోండి.

7. చెప్పులు వదలకండి

ఉత్తకాళ్లతో నడిచేవాళ్ల భక్తికి నమస్కారం. కానీ వాళ్లలో చాలామందికి పొలంలో నడిచి గట్టిపడ్డ పాదాలున్నాయి, మనకు టైల్స్ మీద తిరిగిన పాదాలున్నాయి. షుగరున్నవాళ్లు అసలు ఆలోచించకూడదు. కాలికి ఏం గుచ్చుకుందో తెలియదు, పుండు మానదు. చెప్పులు గుడి దగ్గర విప్పండి, దారిలో తొడుక్కోండి.

కొత్త బూట్లు కొనకండి. నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది కాబట్టి కాస్త వదులుగా, బాగా అలవాటైనవే వేసుకోండి. బొబ్బ ఒక్కసారిగా రాదు. ముందు మడమ మీదో, చిటికెన వేలి పక్కనో అగ్గిపుల్ల తల అంత చోట మంట మొదలవుతుంది. "తర్వాతి ఊళ్లో చూద్దాం" అనకండి. అక్కడే కూర్చుని మేజోడు విప్పి, కాలు పూర్తిగా తుడిచి ఆరనిచ్చి, ఎర్రబడ్డ చోట మందుల షాపులో దొరికే పేపర్ టేపు ముడత లేకుండా అంటించండి. పొడి మేజోడు వేసుకోండి. అయిదు నిమిషాల పని ఇది. చేయకపోతే మధ్యాహ్నానికి నీరు చేరుతుంది, రేపటికి కుంటుతారు. బొబ్బ లేచాక పైచర్మం పీకకండి.

8. ఎక్కువ నడిచి సాధన చేయకండి, వరసగా చేయండి

ఆదివారం ఒకేసారి 20 కిలోమీటర్లు నడిచి "నేను రెడీ" అంటారు. ఒక్కరోజు ఎవరైనా నడుస్తారు. శనివారం పది నడిచి, ఆదివారం పొద్దున నొప్పులతోనే మళ్లీ పది నడిచి చూడండి. యాత్రలో రెండో రోజు ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. పార్కు మట్టిలో కాకుండా తారు రోడ్డు మీద, మోయబోయే సంచీతోనే నడవండి. ఇలా నెలన్నర చేస్తే చాలు.

బీపీకి, గుండెకు, షుగరుకు మందులు వాడుతుంటే సాధన మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పండి. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటకు పంపేస్తాయి, ఎండలో అది ప్రమాదం. షుగరు మాత్ర వేసుకుని గంటల కొద్దీ నడిస్తే షుగరు పడిపోవచ్చు.

9. తిండి మోయకండి, ఓఆర్ఎస్ మోయండి

పులిహోర, చెక్కలు, లడ్డూలు ఇంట్లో పెట్టి రండి. దారిలో అన్నం, మజ్జిగ పెట్టేవాళ్లుంటారు. వాళ్లు భక్తితో పెడతారు, మీరు మర్యాదగా తీసుకోండి, తినగలిగినంతే పెట్టించుకోండి. సొంత స్టీలు పళ్లెం, గ్లాసు తెచ్చుకుంటే మీ వెనక రోడ్డు పక్కన చెత్త మిగలదు.

ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినట్టే కలపాలి. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం లీటరు నీళ్లలోనే. గ్లాసులో సగం ప్యాకెట్ పోసుకు తాగడం తప్పు. మనిషి మాట తడబడినా, తిక్కగా మాట్లాడినా, అడుగు తూలినా అది అలసట అనుకోకండి, వడదెబ్బ అనుకోండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, విసరండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

10. అడవిని వచ్చే ఏడాదికి ఉంచండి

నల్లమల పులుల అభయారణ్యం, చెంచుల నివాసం. అటవీశాఖ దారి తెరిచిన రోజుల్లో, వాళ్లు చెప్పిన వేళల్లో మాత్రమే అందులో నడవాలి. గుంపు వదలకూడదు, చీకటి పడ్డాక కదలకూడదు. ఆ కాలానికి ఆకంతా రాలి ఎండిపోయి ఉంటుంది, ఒక్క బీడీ ముక్క చాలు కొండ అంటుకోవడానికి. "ఏదైనా అయితే కారు పంపిస్తాం" అన్న ఇంటివాళ్ల భరోసా నమ్ముకోకండి. ఆత్మకూరు నుంచి రోడ్డు మీద దోర్నాల చుట్టి శ్రీశైలం వెళ్లాలంటే వంద కిలోమీటర్ల పైనే. మామూలు రోజుల్లో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా ఆ అటవీ రోడ్డు మీద బండ్లను వదలరు.

ఆత్మకూరులో బస్సెక్కే ముందు మీ గుంపంతా కూర్చుని మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి. చివరి రోజు అందరూ మొదటి రోజంత తేలిగ్గా నడిచారా? ఎవరైనా నొప్పి దాచారా? ఆగుదామని ఒకరంటే మిగతావాళ్లు మారు మాట్లాడకుండా ఆగారా? మూడింటికీ సరైన జవాబు వస్తే వచ్చే ఫాల్గుణంలో వెంకటాపురం నుంచి నిశ్చింతగా అడవిలోకి అడుగు పెట్టండి. రాకపోతే మళ్లీ ఈ 70 కిలోమీటర్లే నడవండి. కైలాస ద్వారం ఎక్కేటప్పుడు మీ వెనకున్న మనిషి నిజం చెప్పగలగాలి, మీరు దాన్ని విని ఆగగలగాలి. అది కుదిరే దాకా అడవి జోలికి వెళ్లకండి.